అడుగు నుంచి

పదహారేళ్లు కూర్చునే సంపాదించాను,
రీగాలో ట్రాలీబస్సు నడుపుతూ.
తోకఎముక దగ్గర లేచిన గడ్డని
ఫిబ్రవరిలో కోసి తీసేశారు.
కుట్లు వెయ్యలేదు.
కోడిగుడ్డు పట్టేంత గుంట, అలాగే వదిలేశారు.

"అడుగు నుంచి పూడాలి," అంది నర్సు స్కైద్రీటె,
"పైన ముందు మూసుకుందా,
మళ్లీ మొదటికొస్తాం."
పైన పటారం లోన లొటారం కాకుండా
రోజు విడిచి రోజు
ఉప్పునీళ్లలో తడిపిన గాజుగుడ్డ పట్టీ
మూరలకు మూరలు లోపలికి కుక్కేది.
మానాలంటే తొందరపడి మానకుండా చూడాలట.
ఆ లెక్క నా బుర్రకి
మార్చి నెలాఖరుకి గానీ ఎక్కలేదు.

అప్పటికి మా మాల్డా
నా కంచాన్ని బీరువా నెత్తికి ఎక్కించేసింది.
నిలబడి నల్ల రొట్టె, నిలబడి బీట్‌రూట్ సూప్,
నిలబడే టీవీలో హాకీ.
రాత్రంతా బోర్లా,
మంచులో జారిపడి లేవనివాడిలా.

కొలత ఒక పుల్లతో.
నాలుగు సెంటీమీటర్లు.
వారం పోయాక నాలుగు.
ఆ తర్వాత మూడున్నర! దారిలో కేకు కొనుక్కెళ్లాను.
పై వారం మళ్లీ నాలుగు.
కేకు ఊసు ఇంట్లో ఎవరం ఎత్తలేదు.

డ్రెస్సింగు గది బయట వరండాలో
మాది ఒక చిన్న సంఘం.
జెల్మా ముసలమ్మకి గుండెకి కొత్త దారి వెయ్యడానికి
పిక్కలోంచి నరం తీశారు.
గుండె గుర్రంలా ఉంది, పిక్కే మానలేదు.
"దొంగతనం కాల్లో జరిగితే
అందరూ గుండెని పరామర్శిస్తారేం?" అనేది.
వీటా అనే పిల్లది. కడుపు కోసి బిడ్డని తీశారు.
బిడ్డకి నవ్వడం వచ్చింది,
కోతకి ఇంకా బుద్ధి రాలేదు.
ఓడరేవు కూలీ ఊగిస్ నోరు విప్పడు,
రెండు వేళ్ల మధ్య ఎడం చూపిస్తాడు, అంతే.
మాలో ఎవరం ఎవర్నీ
ఎలా ఉన్నావని అడగం.
"ఎంత?" అంటాం.

బయటివాళ్ల మాట వేరే. "ఇంకానా?"
ఎంత ప్రేమగా అన్నా సరే,
పుండు మీద కారమంటే ఇదే.

జూన్‌లో ఆ పొట్టి రాత్రి,
ఊరంతా తలలకి ఆకుల దండలు చుట్టుకుని
తెల్లారేదాకా మంట చుట్టూ కూర్చుంటారు.
నేనొక్కణ్ణే నిలబడి,
చేతిలో బీరు, జున్ను ముక్క,
ఎవరో పాతి మర్చిపోయిన గుంజలా.
రెండింటికి మాల్డా సైగ చేసింది.
ఆవిరి స్నానాల గది వెనక్కి వెళ్లాం.
టార్చి పళ్ల మధ్య పట్టుకుని
పట్టీ మార్చింది.

ఆ గాయాన్ని నేనెప్పుడూ చూడలేదు.
అద్దం ఇస్తానంటే వద్దన్నాను.
నా ఒంట్లో నాకు తెలియని చోటు
ఆవిడకి నాలుగు నెలలుగా తెలుసు.
ఆవిడ ఊపిరి బిగిస్తే ఒక కబురు,
వదిలితే ఒక కబురు.
ఆ రాత్రి టార్చి తీసి అంది:
"ఎర్రగా, గింజలు గింజలుగా ఉందోయ్.
మన పెరట్లో రాస్ప్‌బెర్రీలా."
ఇరవయ్యేళ్ల కాపురంలో
ఇంత అందంగా నన్నెప్పుడూ పొగడలేదు.

సెప్టెంబరులో మళ్లీ బస్సెక్కాను,
సగం డ్యూటీ, కింద గాలి దిండు.
మార్కెట్ స్టాపులో
సోయికూర కట్టలతో జెల్మా ఎక్కింది.
వరండాలో ఎప్పుడూ కిటికీ వైపు తిరిగి నిలబడేవాణ్ణి,
ఆవిడకి నా ముఖం కంటే వీపే బాగా గుర్తు.
వెనక నుంచే పోల్చుకుని
అద్దం మీద వేలితో కొట్టి,
"కూచున్నావూ!" అంది, బస్సంతా వినపడేలా.

"నీకెంత?" అన్నాను.

సంచీ కింద పెట్టి
చిటికెన వేలు ఎత్తి
గోరు చివర చూపించింది.

సిగ్నలు పచ్చబడింది.
వెనక కారువాడు హారను కొడుతున్నాడు.
కొట్టనీ.