ఒక్కటే గుంత

నల్లాకూ బట్టలుతికే బండకూ నడుమ
ఆరడుగుల జాగ మిగిలింది.
అంత సిమెంటు పోద్దామన్నడు మేస్త్రి.
ఒక్క చెట్టుకన్న ఇడువుండ్రి అన్న నేను.
ఏం చెట్టు? అన్నది మా ఆడిబిడ్డ కొమురక్క.
ఇగ వారం దినాలు
మా మడికొండ ఇంట్ల ఇదే పంచాయితి.

నాది జామ.
యాడాది పొడుగూత ఆకుంటది.
కుట్టుమిషను బయటేసుకుంటే
నెత్తిమీద ఇంత నీడ పడ్తది.
బెరడు పొరలు పొరలుగ రాలి
లోపల నున్నగ, సబ్బుతోని రుద్దిన పిల్లగాని వీపు లెక్క.
కొమ్మ వంగుతది గాని ఇరగది.
పండేదాక ఆగే పని లేదు
దోరగున్నప్పుడే ఉప్పూ కారం అద్దుకొని తింటే
పండ్ల సందుల ఇరికిన గింజతోని
పొద్దుమీకేదాక నాలుకకు కొలువు.

కొమురక్కది సీతాఫలం.
"నీ జామకు దినాం బిందెడు నీళ్లు గావాలె.
ఎండకాలం నల్లా రెండొద్దులకోసారి.
నువ్వు తాగుతవా, దానికి తాపుతవా?
గుట్టమీది సీతాఫలానికి
ఎవడు పోసిండు నీళ్లు?
మేక సుత ముట్టది దాని ఆకును.
కండ్లు ఇచ్చుకున్న కాయ తెంపి బియ్యం డబ్బల దాస్తే
పండింది లేంది నీ బొటనేలే చెప్తది.
అది ఒక్కటి తింటే ఆకలాగుతది,
జామ తింటే ఇంకో జామ కోసం ఆకలైతది."

ఆమె మొగడు పోయిన యాడాది
దసరాకు ముందు గుట్టల పొంటి తిరిగి
కాయలు తెంపి, గంప నెత్తినెత్తుకొని
కాజీపేట టేషను కాడ అమ్మి
బిడ్డ ఫీజు కట్టింది.
ఆ మాట ఆమె అనలేదు.
నేనూ అనలేదు.

"ఏది పెట్టినా తినేటియి కోతులే" అన్నడు నా పెనిమిటి,
పేపరు దించకుంట.

ములుగు రోడ్డు నర్సరీల రెండూ కొన్న.
జామకు ఎనభై, సీతాఫలానికి అరవై.
నల్లకవర్లల్ల నిలవడి
రెండు దినాలు మా మొకాలు చూసినయి.

ఓదెలు గడ్డపార తెచ్చిండు.
ఫీటు దాక ఎర్రమన్ను.
దాని కింద మొరం.
దాని కింద కంగుమన్నది,
పట్టపగలు నిప్పురవ్వ లేసింది.
మెట్టుగుట్ట
మా ఇంటి కిందికి కాళ్లు చాపుకొని పండుకున్నదని
అప్పుడెరికైంది.
ఓదెలు తువ్వాలతోని మెడ తుడుసుకున్నడు.
నన్నడగలేదు, ఆమెనడగలేదు.
సీతాఫలం కవరు చింపిండు.

జామను నీలి డ్రమ్ముల పెట్టి మిద్దెక్కించిన.
మూడేండ్లకు రెండు కాయలు.
ఒకటి కోతిది.
ఒకటి సగం రామచిలుకది, సగం నాది.
కింద సీతాఫలం
బండల ఏ నెర్రె దొరికిచ్చుకున్నదో ఏమో
గోడ దాటింది. మొదటి కాపు పందొమ్మిది.
కొమురక్క లెక్కవెట్టలేదు, నేనే పెట్టిన.

మార్చిల ఆకంత రాలింది.
ఏప్రిల్ల ఉత్త పుల్లలు.
నీడ గావాల్సిన దినాలకే నీడ లేదు.
మిషను మీద చెయ్యి పెడితే సురుక్కుమన్నది.
చూసినవా అని నేనన్లేదు.
నా పండ్లు గట్టిగ పట్టుకున్న.

తెల్లారి లేసేసరికి
కొమురక్క పాతచీర, జరీ ఊడిన ఆకుపచ్చది,
నాలుగు కొమ్మలకు కట్టి ఉన్నది.
దాని కింద మిషను జరిపి ఉన్నది.
గాలొస్తే చీర ఉబ్బుతాంది,
బట్టమీద నా కుట్టు ఒకపారి పచ్చగ, ఒకపారి తెల్లగ.

మీద డ్రమ్ముల నీళ్లు పోసిన సప్పుడు.
ఖాళీ చెంబుతోని మెట్లు దిగొచ్చింది,
దవుడకు ఏందో నములుకుంట.
జామాకు.

"పన్ను సలుపుతాంది" అన్నది
నేనడగకముందే.