బండి ఆగినాక

ముప్పయ్యొక్క ఏళ్ళు
అలిపిరి నుంచి కొండకీ, కొండ నుంచి అలిపిరికీ
కమ్మీ పట్టుకోకుండా నిలబడినోణ్ణి నేను.
ఎడమ చేతిలో టికెట్ల అట్ట, కుడి చేతిలో చిల్లర,
భుజాన తోలు సంచి, చెవి మీద పెన్సిలు.
పట్టుకోను మూడో చెయ్యేదీ?

మలుపు రాకముందే నా పాదాలకు తెలిసేది.
డ్రైవరు ఏకాంబరం గేరు మారిస్తే ఆ గరగర
మడమలో పుట్టి, మోకాలెక్కి, నడుం దాకా వచ్చేది.
బండి ఎడమకి ఒరిగితే నేను కుడికి.
ఎవరూ నేర్పలేదు.
గుండ్లు కొట్టించుకున్న జనం
నిద్రమత్తులో ఒకరి మీద ఒకరు పడతా ఉంటే
"పట్టుకోమ్మా, పట్టుకో పెద్దాయనా" అని
రోజంతా అరిచేవాణ్ణి,
నేనేమీ పట్టుకోకుండా.

అట్లాంటోణ్ణి
కొర్లగుంటలో, సొంత ఇంట్లో,
నాలుగడుగుల బాత్రూములో పడినాను.
మలుపు లేదు, లోయ లేదు.
రాత్రి మూడు గంటలు, తడి బండ, ఒక సబ్బు ముక్క.
అంతే.

ఎవరికీ చెప్పలేదు.
తొడ మీద కమిలిన నలుపు పంచె కింద దాచినాను.
వారంలో అది మానింది, భయం మానలేదు.
గోడ పక్కనే నడిచేది,
టీ కొట్టు దాకా పోవాలంటే ఏదో ఒక సాకు చెప్పేది.
ఏకాంబరం గుర్తొచ్చేవాడు.
ఘాట్ రోడ్డు పిట్టగోడకు బస్సును
ఒక్కసారన్నా తగలనీయనోడు
వాకిట్లో కాలికింద పట్టా జారి
తుంటెముక విరిగి, ఎక్కిన మంచం దిగనేలేదు.

దొరసాని కనిపెట్టేసింది.
"ఏంది నువ్వు, ఆవకాయ జాడీ దించినట్టు
ఒళ్ళు దించతా ఉండావు కుర్చీలోకి?"

కాళ్ళకు కసరత్తు నేర్పే డాక్టరమ్మ, పేరు ఫిర్దౌస్,
మనవరాలి వయసు.
"ఒంటికాలి మీద నిలబడండి తాతా" అంది.
నవ్వొచ్చింది నాకు.
మూడు సెకండ్లు.
నాలుగోదానికి ఆ పిల్ల భుజం దొరకబుచ్చుకున్నాను.
"కాళ్ళు యాడికీ పోలేదు తాతా,
డ్యూటీ లేక నిద్రపోతా ఉండాయి."

ఇప్పుడు పొద్దున్నే వంటింటి గట్టు నా డిపో.
రెండు వేళ్ళు గట్టుకు ఆనించి కాలెత్తుతాను.
దొరసాని సంగటి గెలుకుతా లెక్క పెడతాది,
జాలిపడి, ఏడు తర్వాత తొమ్మిది అంటాది.
కండక్టరు దగ్గరనా లెక్క తప్పించేది!
ఒకరోజు తెడ్డు చేతిలో ఉండగానే తానూ కాలెత్తింది.
ఇరవై రెండు.
ఆ పూట సంగటిలో ఉప్పు లేదని గొడవ పెట్టుకున్నాను.

నాపరాళ్ళ నడుమ గీత వెంట
మడమకు వేళ్ళు ఆనించి నడవమంది ఫిర్దౌస్.
నడుస్తాను, తాగినోణ్ణి పోలీసులు నడిపించినట్టు.
మంచం పక్క పట్టా చుట్టి అటక మీద పడేసినాం.
అరిగిన హవాయి చెప్పులు చెత్తబండి ఎక్కినాయి,
వాటికి మాత్రం కొంచెం మనసు గుంజింది.

"కమ్మీ ఏ ఎత్తున కొట్టాల?" అన్నాడు ప్లంబరు బాషా.
కళ్ళు మూసుకుని చెయ్యి చాపినాను.
ఆగిన చోట వాడు పెన్సిలుతో గీత గీసినాడు.
సీటు వెనక కమ్మీ ఎత్తు అది.
ఇన్నేళ్ళూ పట్టుకోకపోయినా
చేతికి తెలుసు.

మళ్ళీ మూడు గంటలు.
మెలకువొచ్చింది గదా అని దిగ్గున లేవను.
కాళ్ళు కిందికేసి మంచం అంచున కూర్చుంటాను.
బీపీ మాత్ర మింగిన తల
ఇంకా ఏదో మలుపు తిరగతానే ఉంటాది.
బండి ఆగకముందే దిగబోయే వాళ్ళను
ఎంతమందిని చొక్కా పట్టి వెనక్కి గుంజినానో.
ఉండు.
ఇంకా ఆగలేదు.
గోడకున్న జీరో బల్బు ఊగి, ఊగి,
తన తావులో తాను నిలబడతాది.

లోపల ఎవరో రెండు విజిళ్ళు వేస్తారు.
లేస్తాను.
చల్లటి కమ్మీ.
పట్టుకుంటాను.