మూత మీద మూడు గింజలు

ఆరువందల నలబై రూపాయలు.
చీటి కట్టంగ మిగిలినయి.
గిండ్లనే అయిపోవాలె అనుకొని
ఆయితారం పొద్దుగాల
కొంగు నడుముకు చెక్కి
వంటర్రల సెల్ఫు ముంగట నిలవడ్డ.

దేశాయిపేటల కిరాయి ఇల్లు మాది.
షాబాదు బండల సెల్ఫు, నాలుగు వరుసలు,
తలుపు లేదు.
పై వరుసల ఏమున్నదో మొగిలికి తెల్వది,
కింది వరుసల ఏమున్నదో నాకు తెల్వది,
నడిమి రెండు వరుసలు మా అత్తయి,
గవి ఎవ్వలం ముట్టం.

అన్ని కిందికి దించిన.
మూడు కందిపప్పు పొట్లాలు, మూడింటికి రబ్బర్లు,
ఉన్నదని తెల్వక మళ్ల మళ్ల కొన్నయి.
పుట్నాలల్ల మునిగిన గంటె.
పురుగు వట్టిన జొన్నపిండి.
ఎవల పెండ్లిలనో ఇచ్చిన కుంకుమ భరిణె, దాంట్ల లవంగాలు.
అటుకుల సంచి అడుగున మడత వెట్టిన ఐదువందల నోటు.
"అది నాది" అన్నది అత్త
ఇటు తిరిగి చూడకుంటనే.

చౌరస్తా దుకాణంల గాజు సీస ఒక్కటి నూటిరవై.
నాకు ఇరవై రెండు గావాలె.
లెక్క జేసి, సీసను అద్దంల పెట్టినట్టే మెల్లగ పెట్టి
బయటికొచ్చిన.
కిరాణం వజీరు భాయి దగ్గర
పిప్పర్‌మెంట్ల ఖాళీ డబ్బలు, ఒక్కటి పది రూపాయలు.
"ఇరవై రెండా? రెండు ఊకెనే తీస్కపో చెల్లె" అన్నడు.
చింతపండు వెట్టి తోమిన, ఎండకు వెట్టిన,
మళ్ల తోమిన.
ఇప్పటికి మా పెసర్లు నారింజ వాసనొస్తయి.

కొత్తవాడల మేనమామ మగ్గం కింద
జంపఖాన కొసలు కుప్పవడి ఉంటయి.
ఎర్రయి, నీలివి, ఓ మూర కంటె పొడుగుండయి.
బండల మీద పరిస్తే
సెల్ఫు సుట్టపింటికి పోయేతట్టు తయారైంది.
ఎదురుంగ కడ్తున్న బిల్డింగుల
మేస్త్రీని అడిగితే డబ్బ అడుగు రంగిచ్చిండు,
పసుపుపచ్చ, సరిగ్గ గోడ సగానికొచ్చింది.
ఎక్కడ అయిపోయిందో అక్కడ ఆపిన.
అత్త గళ్ల చీర అడ్డం కట్టిన.

అక్షిత ఏడో తరగతి.
స్కెచ్ పెన్నులతోని పేర్లు రాసింది,
పేరు పేరుకు పక్కన ఓ పువ్వు.
బెబ్బెర్లు, ఉల్వలు, తైదలు, ఓమ.
అత్త ఒక డబ్బ అందుకున్నది,
తిప్పింది, మళ్ల తిప్పింది.
"చీమలు వారినట్టున్నయి బిడ్డా" అని
నవ్వుకుంట అక్కడ్నే పెట్టింది.
ఆ పెట్టుడు చూసి
పిల్ల ఏం మాట్లాడలే.
పగటీలి అన్నం తినుడు ఇడ్సిపెట్టి
ఫెవికాల్ ముంగటేసుకొని కూసున్నది.
మూత మూతకు మూడు గింజలు.
మూడు బెబ్బెర్లు, మూడు ఉల్వలు,
పసుపుకు ఓ కొమ్ము ముక్క,
కారానికి చపాట మిర్చి తొడిమె.
అత్త కండ్లు మూసుకొని వేలు రాసింది.
"తైదలు" అన్నది.
ఇంకోటి. "ఓమ."
నలబై ఏండ్లు నా చేతులకు తెలిసినయే కదనే, అన్నది,
ఇప్పుడు మూతలకు తెలిసినయి.

రెండే మిగిలినయి.
ఉప్పు మూత మీద వెడ్తె నీరైతది.
చక్కెర వెడ్తె చీమలొస్తయి.
"గవి నాలికెకు తెలుస్తయి తియ్" అన్నది అత్త.
గట్లనే ఇడ్సిపెట్టినం.

ఆ రాత్రి గాలిదుమారం, కరెంటు వొయ్యింది.
రెండు గంటలకు ఎనుమాముల నించి మొగిలొచ్చిండు,
మిర్చి బస్తాలు మోసిన అంగి గుమ్మంలనే ఇప్పితే
నిద్రలనే అందరం తుమ్మినం.
పాలు లేవు, ఉత్త చాయ చాలన్నడు.
చీకట్ల చెయ్యి పెట్టిన.
ఉల్వలు. తొడిమె. కొమ్ము.
వేళ్లకు సెల్ఫంత అగుపడ్డది,
నా ఇల్లు నాకు మొదటిసారి నోటికొచ్చినట్టు.
తర్వాత రెండు బోడ మూతలు.
ఒకటి తీసిన.

మొగిలి సగం గిలాస తాగిండు.
శాన సేపు ఏమనలే.
"డబ్బలు మంచిగ సదిరిన్రు" అన్నడు ఆఖరికి.
ఇంకో గుక్క తాగి,
"గా ఉప్పుకు గూడ ఏదన్న అంటియ్యున్రి."