పని చేస్తోందా, లేదా

ఫాలోంబే జిల్లా. ములాంజే కొండ కనిపిస్తుంది గానీ
దాని నీడ ఇక్కడిదాకా రాదు.
నా చేతిలో పలక, పలక మీద ప్రశ్న:
బోరింగు పని చేస్తోందా?
అవును. కాదు.
రెండే గడులు.

నాసిబెకో ఏమీ అనలేదు.
పిడి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది.
ఒకటి, రెండు. గాలి.
పదికి లోపలెక్కడో ఇనుము దగ్గింది.
ఇరవై రెండుకి వీపున కట్టుకున్న పిల్లాడు నిద్ర లేచాడు.
ముప్పై ఏడు.
అప్పుడొచ్చింది నీరు,
పిలవని పేరంటానికి వచ్చినట్టు, మొహమాటంగా.
"ఇప్పుడు రాసుకో" అంది,
"అవునా, కాదా?"

వరసలో ముప్పై ఒక్క బకెట్లు.
మనుషులు మామిడిచెట్టు కింద, నిలబడింది బకెట్లే.
అంచు పగిలిన ఆకుపచ్చది ఎలియెటాది.
వేకువన మూడింటికి పెట్టి పొలానికి పోయిందట.
దాన్నెవరూ వెనక్కి నెట్టరు.
అది రాసే గడి కోసం వెతికాను.
నిరీక్షణ: అరగంట లోపు, అరగంట పైన.
పైన అంటే ఎంత పైన?
ఆ కొండంత.

ఇంటింటా వసూలైన క్వాచాలు ఏమయ్యాయని
కమిటీ కోశాధికారిని అడిగాను.
ఆయన నీళ్లు నమిలాడు.
ఆ పూట ఆ ఊళ్లో
నోటినిండా నీళ్లున్నది ఆయనకొక్కడికే.

అరిగింది ఒక రబ్బరు వాషరు, అరచేతిలో పట్టేంత.
పోయిన కోతలప్పుడే చెప్పాడు మెకానిక్కు లాఫుకేని.
మిగోవి బజారుకు రెండుసార్లు సైకిలు తొక్కి
ఉత్త చేతులతో వచ్చాడు.
మూడోసారికి సైకిలు లేదు, అమ్ముకున్నాడు.
ఇక ఊరు ఆ ఆశకు నీళ్లొదులుకుంది.
ఆ వదులుకునే నీళ్లకూ
వరసలో నిలబడాల్సిందే.

రాత్రి అసలు పరీక్ష.
ఐదు చోట్ల నీళ్లు, ఐదు చిన్న సంచులు.
వెచ్చగా ఉంచితే, మలినముంటే రంగు మారుతుంది.
వేడిపెట్టె బ్యాటరీ చచ్చిపోయింది.
సంచుల్ని చితెంజె గుడ్డలో చుట్టి
పొట్టకు కట్టుకుని పడుకున్నాను, నాసిబెకో ఇంట్లోనే.
చూసి పగలబడి నవ్వింది: "ఎన్నో నెల?"
తెల్లవార్లూ వెల్లకిలా,
ఒత్తిగిలితే పగులుతాయేమోనని,
ఒక ఊరి నీళ్లను మోశాను.

మర్నాడు బాగా పొద్దెక్కాక చూస్తే
నాలుగు పసుపు.
ఒకటి నీలం కలిసిన ఆకుపచ్చ.
నిజం చెప్పాలంటే అదే అందంగా ఉంది.

బోరింగుది కాదది.
ఈ ఇంటి కుండది.
అక్కడ తేటగా బయల్దేరింది
దారిలోనో, మూతలోనో, పిల్లాడు ముంచిన చెంబులోనో
చెడింది.
నిన్న నేను గడపలోకి రాగానే
ఆ కుండలోంచే ముంచి ఇచ్చింది.
ముప్పై ఏడు సార్లు కొట్టిన నీళ్లు.
గడగడా తాగి
ఇంకాసిని అడిగాను కూడా.

సంచిని వెలుగుకు పట్టి చూసింది.
"నాదేనా?"

ఈసారి నీళ్లు నమలడం నా వంతు.

ఆమె కుండ వంచి పారబోయలేదు.
ముంచి ముంచి టమాటా మొక్కలకు పోసింది.
బూడిదతో లోపలంతా రుద్దింది.
బకెట్టు తీసుకెళ్లి
వరస చివర పెట్టింది,
ముప్పై రెండోది.