ఖాళీ గడి

అనంతపురంలో పొద్దున ఐదింటికి
గ్రౌండు ఇంకా గ్రౌండు కాదు.
సున్నపు గీతలు మాత్రం తేలి కనిపిస్తాయి,
వాటి మధ్య ఎవరివో పాదాల చప్పుడు.

ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర కూర్చుంటాను.
పదకొండు మంది ఆడపిల్లలు,
పదకొండు ప్లాస్టిక్ గొట్టాలు.
పళ్లు తోమకముందే, గుక్కెడు నీళ్లయినా తాగకముందే
ఉమ్మి పట్టివ్వాలి.
మొదటి వారం నవ్వి నవ్వి
ఒక్కరి నోట్లోనూ తడి లేదు.
"చింతకాయను తలుచుకోండి" అన్నాను.
ఆ చిట్కా నా థీసిస్‌లో లేదు.

"హార్మోన్ అంటే ఏమి మేడం?"
అడిగింది కుళ్లాయమ్మ. మూడు వేల మీటర్ల పిల్ల.
దండోరా వేసే మనిషి, అన్నాను.
నెత్తుటి వీధుల్లో తిరుగుతూ చెప్పిపోతాడు:
కరువొస్తోంది, గింజలు దాచుకోండహో.
"వాడు అబద్ధం చెప్తేనో?"
చెప్పడు.
వాడికి అబద్ధం చెప్పేది మనమే,
తిన్నాను, తిన్నాను అని.
ఆ పిల్ల షూ లేసు కట్టుకోవడానికి వంగింది.
లేసు కట్టే ఉంది.

నా నోటుబుక్కులో ఒక వరుస ఉంది: నెలసరి తేదీ.
కుళ్లాయమ్మకు ఎదురుగా జులై ఖాళీ.
ఆగస్టు ఖాళీ.
సెప్టెంబరులో నేనే ఒక ప్రశ్నార్థకం వేసి
సిగ్గుపడి కొట్టేశాను.

పక్కీరప్ప మాస్టరుకు సంతోషం.
"మంచిదే గదా, ఆ తలనొప్పి లేదు.
మూడు కిలోలు తగ్గింది, తొమ్మిది సెకన్లు తగ్గింది."
ఆయన చేతిలో స్టాప్‌వాచీ, నా చేతిలో గొట్టం.
పిల్ల మాత్రం ఒక్కతే.

ఆదివారం కల్యాణదుర్గం బస్సెక్కాను,
సంచిలో తక్కెడతో, పూటపూటా కంచం తూచాలని.
తూచడానికి పెద్దగా ఏమీ లేదు.
పగలొక రొట్టె. రాత్రి బరువెక్కుతానని మజ్జిగ.
వాళ్లమ్మ అక్కులమ్మ నన్ను చేనికి తీసుకుపోయింది.
ఒక చెనిక్కాయ చెట్టు పీకి చేతిలో పెట్టింది.
పూత ఉంది. నేలకు దిగిన ఊడ ఒక్కటీ లేదు.
"వాన లేకుంటే ఇంతే మేడం.
చచ్చిపోలేదు చెట్టు.
బతకాల్నా, కాయాల్నా అని
లెక్క చూసుకుంటా ఉండాది."

ఐదేళ్లు, మూడు వందల పరిశోధన పత్రాలు,
కార్టిసాల్, థైరాయిడ్, లెప్టిన్.
నేను చెట్టు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను,
వేళ్ల మట్టి చీర మీద రాలుతుంటే.

చీటీ రాశాను.
పరుగైన అరగంటలోపు రెండు చెనిక్కాయ ఉండలు,
మధ్యాహ్నం ఇంకో సంగటి ముద్ద, రాత్రికి గుడ్డు,
వారంలో ఒక రోజు కాళ్లు చాపుకుని కూర్చోవడం.
పక్కీరప్ప చీటీ తిరగేసి చూశాడు,
మందు పేరు వెనక రాశానేమోనని.

జిల్లా పోటీల్లో నాలుగోది వచ్చింది.
నలభై రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.
"పదకొండు మందితో ఏదీ రుజువు కాదు" అని
నా రిపోర్టు చివర నేనే రాసి సంతకం పెట్టాను.
నిజమే. కాదు.

నవంబరులో ఒక తెల్లవారుజామున
నాలుగున్నరకు ఫోను.
"వచ్చినాది మేడం."
అంతే, పెట్టేసింది.

నిద్రకళ్లతో తలుపు తీసి బయటికొచ్చాను.
ఈ జిల్లాలో ఆ మాటకు ఒకటే అర్థం.
చెయ్యి చాపాను.
పొడిగాలి. వీధి దీపం కింద దుమ్ము.
కుక్క ఒకటి తలెత్తి చూసి మళ్లీ ముడుచుకుంది.

చాపిన చెయ్యి అలాగే ఉండగా
అర్థమైంది.

లోపలికి పోయి తేదీ వేశాను.
పెన్ను సగం పలికింది, రెండోసారి దిద్దాను.
ఐదు కావస్తోంది.
ఐస్ ఇంకా కొనలేదు.