మొన నేని కత్తి

భావనపాడు రోడ్డు మీద లారీ ఒకటి సచ్చిపోతే
దాని కమాను పట్టీ నా కొలిమికొచ్చింది.
కిలో నలభై. తూకంలో తుప్పు కూడా కలిసింది.

ఓడపనికెళ్లొచ్చిన ధర్మారావు
బొగ్గుముక్కతో నేల మీద గీసి సూపించాడు:
మంచుదేశంలో ఆడోళ్ల కత్తంట.
సగం సందమామ. పిడి యీపు మీదంట.
"మొన నేని కత్తేటిరా?" నవ్వీసినాను.

నవ్వనిది సూరాడ కొర్లమ్మొకర్తే.
మోకాళ్లు మడతపడక
ఆర్నెల్లుగా కత్తిపీట ముందు కూకోనేదు.
నిలబడి, గుప్పిటితో నొక్కి కొయ్యాల.

మొదటిది నీళ్లలో ముంచగానే
టిక్కుమంది. పగులు.
రెండోది పాత ఇంజనాయిల్లో ముంచినాను.
ఎండుగడ్డి రంగు తిరిగేదాకా
సన్నసెగ పక్కనే కాసుకున్నాను,
పసిబిడ్డకి జొరమొస్తే కూకున్నట్టు.
పిడికి పనస చేవ. ఆమె గుప్పిటి అచ్చు
తడిమట్టి ముద్ద మీద తీసుకుని మరీ సెక్కినాను.

రేవులో బల్ల మీద కోనాం.
కత్తి ఒక్కసారి ఊయలూగింది,
తల పక్కకి దొల్లింది.
కొర్లమ్మ కత్తి వాసన సూసి
"ఇంకా డీజిలు కంపే" అని మూతి ముడిసి,
ఆ తలకాయే మోదుగాకులో సుట్టి నాకిచ్చింది.
మజూరీ అదే కాబోలు.

పగిలిన మొదటిది పారెయ్యనేదు.
దాంతో మాయావిడ
కొబ్బరి గీరతంది.