రిజిస్టర్‌లో మిద్దె

మార్చి ఇరవై మూడున మూడు లక్షలు వచ్చినయ్.
ముప్పై ఒకటి లోపల ఖర్చు కావాలె.
కొటేషన్లు మూడు, సంతకాలు ఏడు,
నడుమ రెండు సెలవులు.
సార్లు ఇచ్చిన లిస్టుల నిండా అద్దాల మేడలు.
ఒక్కో పుస్తకం ఒక తాపీ మేస్త్రి నెల కూలి.
బిల్లు మీద ముద్ర కొట్టేటప్పుడు
నా చెయ్యి కొంచెం ఆగుతది,
మళ్లీ కొడతది.

ఎండ నలభై నాలుగు దాటే పాలమూరులో
మా ఆర్కిటెక్చర్ లైబ్రరీ రెండో బీరువాలో
మంచు కురిసే దేశాల ఇంటికప్పుల మీద
ఇంత లావు పుస్తకముంది.
ఎంత మంచు పేరుకుంటే కప్పుకెంత బరువో
పట్టికలు పట్టికలుగా రాసిండ్రు.
పదకొండేండ్లల్ల గడువు చీటీ మీద
ఒక్క తారీఖు పడలే.
తీసివేతల లిస్టుల దాని పేరు రాసిన.
పెన్సిల్‌తోనే రాసిన.

జూన్‌ల మౌనేష్ వచ్చిండు. మూడో సంవత్సరం,
గట్టు దిక్కు పిలగాడు, గోళ్లల్ల ఎప్పుడూ ఇంకు.
"మేడం, మిద్దె కప్పుల ఎన్ని పొరలుంటయ్?"
వెతికిన.
రోము గుమ్మటాన్ని నిలువునా కోసిన బొమ్మ ఉంది.
జపాను ఇంట్ల పరిచే చాప కొలత ఉంది.
రెండు బస్సుల దూరంల
కింద వండుకొని పైన పండుకునే కప్పు
నాలుగు వేల నూట పదహారు పుస్తకాలల్ల లేదు.

"మా నాయిన దూలాలు చెక్కేటోడు మేడం,
జమ్ములవ్వ మిద్దె తొక్కేది. అడుగుదామా?"

జమ్ములమ్మ వచ్చింది,
ఆధార్ కార్డు కొంగున ముడేసుకొని.
వద్దన్నా వినక చెప్పులు బయటనే ఇడిసింది.
దూలం. దూలం మీద దంతెలు.
వాటి మీద ఈతమట్టనో, కంపనో, ఏది దొరికితే అది.
బోదగడ్డి. పురుగు రాకుండ వేపాకు.
తొక్కి తొక్కి పదును చేసిన మట్టి.
అన్నిటి మీద చౌడు.
"చౌడు ఎంత మందం అవ్వా?"
నాలుగు వేళ్లు కలిపి బల్ల మీద అడ్డంగ పెట్టింది.
మౌనేష్ స్కేలు తీసి ఆ వేళ్లను కొలిచిండు:
అరవై ఎనిమిది మిల్లీమీటర్లు.

"యాడాదికోపారి, మిరుగం ముందల మళ్ల పోయాలె.
పోయనోళ్ల ఇల్లు వానకు మాట్లాడతది."
అని తల ఎత్తి మా స్లాబు మీద మరకను చూసింది,
దాని కింద బకెట్‌ను చూసింది.
"ఇది గూడ మాట్లాడేటిదే."
ఇండ్లు కట్టుడు నేర్పే డిపార్ట్‌మెంట్ మాది.
నేను బకెట్‌ను కాలితో కొంచెం పక్కకు జరిపిన.

మంచు పుస్తకాన్ని బల్ల మీద ఎవరు పెట్టిండ్రో,
నేనే పెట్టిన్నేమో.
కప్పు మీంచి పారతో మంచు తోసే మనిషి దగ్గర
ఆమె వేలు ఆగింది.
"తెల్ల చౌడా?"
"మంచు అవ్వా."
"ఈయన తోసేస్తుండు. మేం ఎత్తి పోసుకుంటం."
ఇంకో పేజీ తిప్పి,
"గింత జారుడు కప్పు మీద ఎండకాలం ఎట్ల పండుకుంటరు?"
నాకు తెల్వదు.
ఆ పట్టికలల్ల గూడ లేదు.

నాలుగు వేల నూట పదిహేడు.
రచయిత: జమ్ములమ్మ. గీసింది: మౌనేష్.
ప్రచురణకర్త దగ్గర అడ్డగీత.
పేజీలు: షీటు ఒకటి.
వర్గం: ఆరు వందల తొంభై అయిదు, ఇంటికప్పులు,
మంచు పుస్తకానిదీ అదే నంబరు.
ధర గడి కాడ చాలాసేపు కూసున్న.
ఆఖరుకు ఆమె వచ్చిన రెండు బస్సుల
జీరో టికెట్లు గమ్ముతో అంటించిన.

ఆడిట్ సారు ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టిండు:
ధర లేనిది లెక్కలోకి ఎట్లొచ్చినది,
వివరణ ఇవ్వగలరు.
ఇంక ఇయ్యలే.

షీటు ఏ అరలోనూ పట్టలే.
చుట్టి, దారం కట్టి, బీరువా మీద
కారని దిక్కుకు పెట్టిన.
మంచు పుస్తకం అక్కడ లేదు.
చీటీ మీద జులై తొమ్మిది ముద్ర ఏయించుకొని
మౌనేష్ పట్టుకపోయిండు.
గడువు దాటి పద్దెనిమిది దినాలు,
దినానికి రూపాయి.